ప్రార్థన కోసం చెప్పిన మాట

జనవరి 17

అన్నయ్యా,

నువ్వు అబద్ధాలకోరువి. క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఇది చదువు. సంఘం ముందు నన్ను నిలబెట్టి, నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువు పేరే వినని చీకటి నేలకి మా చెల్లిని పంపిస్తున్నాం" అని నువ్వు ఏడ్చావు. నీతోపాటు హాలంతా ఏడ్చింది. ఇక్కడ నా గది కిటికీ తెరిస్తే ఎదురుగా కనిపించేదేమిటో తెలుసా? చర్చి. మన తాత పుట్టకముందు కట్టిన చర్చి. దాని గంటే పొద్దున్న నన్ను లేపుతోంది. చీకటి మాత్రం నిజమే. శీతాకాలం కదా, టీ వేళకే పొద్దు కుంకుతోంది.

వృద్ధాశ్రమంలో పనికి చేరాను. మంచం పట్టినవాళ్ళ వార్డు నాది. ఒళ్ళు పుళ్ళు పడకుండా అటూ ఇటూ తిప్పడం, తుడవడం, తినిపించడం. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన పనే, కొత్తేం లేదు. మొదటి రోజే నువ్వు నేర్పించి పంపిన వాక్యాన్ని ఈ భాషలో బట్టీపట్టి, కిటికీ పక్క మంచంలో ఉన్న ముసలమ్మని అడిగాను: "మీరు యేసు గురించి విన్నారా?" ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఆయన ఎదుటే నా పెళ్ళయింది. నా మొగుణ్ణి పూడ్చిందీ ఆయన ఎదుటే. ఆ సంగతి వదిలేసి నా ఎడమకాలు కాస్త పక్కకి జరుపు తల్లీ" అంది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వి కాలు జరిపాను. నేను ఇక్కడ చేసిన మొదటి సువార్త ప్రకటన అదే.

ఇక్కడ ఎవరూ "తిన్నావా" అని అడగరు. తలుపు కొట్టి, నువ్వు రమ్మనేదాకా బయటే నిలబడతారు. ఎవరి అమ్మాయివి, పెళ్ళయిందా, మరి ఆయనేడీ అని ఒక్కరూ అడగలేదు. మొదట హాయిగా అనిపించింది. తర్వాత ఆ ప్రశ్నల కోసమే ఏడుపొచ్చింది. మనిషి బుద్ధి చూడు!

ఫోన్ చెయ్యమని సతాయించకు. నేను ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ నొక్కి మైకు ముందు పెడతావు. నీతో మాట్లాడాలంటే నాకు ఉత్తరమే దిక్కు.

చలికి తప్ప దేనికీ వణకని,
నీ చెల్లి


ఫిబ్రవరి 2

చిట్టితల్లీ,

ప్రభువు నిన్ను వెచ్చగా ఉంచుగాక. నాన్న నిన్ను "అడ్డుపుల్ల" అని ఊరికే పిలిచాడా? విమానం దిగావో లేదో నా మీద చార్జిషీటు తయారు. చర్చి ఉంటే విశ్వాసం ఉన్నట్టేనా? స్టవ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ వంట అవుతోందా? వాళ్ళు పేరుకి విశ్వాసులు. లోపల చల్లారిపోయిన జనం. చీకటి అని నేనన్నది దాన్ని.

ఒక సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకు. నిన్ను పంపింది నేను కాదు, సంఘం. ప్రతి ఆదివారం "మన మిషనరీ అక్క ఎలా ఉంది, ఎవరు మారారు?" అని అడుగుతారు. కాళ్ళు జరుపుతోందని చెప్పనా? ఒక్క సాక్ష్యం పంపు. ఒక్క ప్రాణం వెలుగులోకి వచ్చిన కథ. ఫోటో ఉంటే మరీ మంచిది.

మీ వదిన లోపల రెండు జతలు వేసుకోమంటోంది. లావుగా కనిపిస్తానేమోనని నువ్వు ఒక్కటే వేసుకుని ముక్కు కారుస్తుంటావట. అమ్మ నీ గురించి పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి అడుగుతుంది. మధ్యలో నన్ను తిడుతుంది.

నీ మేలు కోరే,
అన్నయ్య


మార్చి 9

అన్నయ్యా,

సాక్ష్యం, సాక్ష్యం! నేనేమైనా కోర్టు గుమాస్తానా? ఆసుపత్రిలో నేను యూనియన్ జెండా మోసినన్నాళ్ళూ నువ్వు నాతో ఒకే మాట అనేవాడివి: "మనిషిని అంకె చెయ్యకూడదు." ఇప్పుడు నీ ఆదివారానికి అంకె తక్కువైందా? నేను వచ్చింది మంచాన పడ్డవాళ్ళకి చెయ్యి సాయం కావాలని. వాళ్ళకి కావలసింది చేస్తున్నాను. నా విశ్వాసం అంతవరకే. అదే చాలా పెద్దది.

సరే, నా పోట్లాట అయింది. ఇప్పుడు నీకు ఒక ప్రార్థన మనవి.

నా గది కిందే కుట్టుపని కొట్టు. గది ఇచ్చింది ఆ దర్జీ ఆవిడే. పొద్దస్తమానం మిషను చప్పుడు నేల కిందనుంచి అరికాళ్ళకి తగులుతూ ఉంటుంది, ఎవరో తోడున్నట్టు. నేను కొన్న కోటు చేతులు వేళ్ళదాకా వేలాడుతుంటే చూడలేక, అడగకుండానే లాక్కుని కుట్లు విప్పేసింది. ఆ విప్పడంలో నేనూ కూర్చున్నాను. అప్పట్నుంచి సాయంత్రాలు మాకు అదే పని. ఆవిడ విప్పుతుంది, నేను దారాలు ఏరుతాను. నాకు భాష సగమే వచ్చు కాబట్టి ఆవిడకి నా దగ్గర భయం లేదేమో, ఒకరోజు చెప్పింది.

ఆవిడకి ఏడేళ్ళ కూతురు. భర్త విడిచిపెట్టి పోయాడు. పిల్ల ఆడపడుచు దగ్గర ఉంటోంది. పిల్లని తిరిగి తెచ్చుకోవడానికి కోర్టులో కేసు నడుస్తోంది. అందరికీ తెలిసింది ఇంతే. తెలియనిది ఏమిటంటే, నాలుగేళ్ళ కిందట రెండో బిడ్డ పురిట్లోనే పోయాక ఆవిడ ఒకసారి నిద్రమాత్రలు మింగింది. వెంటనే తనే భయపడి ఆసుపత్రికి పరిగెత్తింది. అప్పుడు పెద్దపిల్ల అమ్మమ్మ దగ్గర వేరే ఊళ్ళో ఉంది. డాక్టరుకీ, ఇప్పుడు నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అత్తవారికి తెలిస్తే పిల్ల మీద ఆశ వదులుకోవాల్సిందే.

"మా అన్న పాస్టరు. నీ కోసం ప్రార్థన చెయ్యమననా?" అన్నాను. ఆవిడ చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ, "ఒక్కడేనా?" అని అడిగింది. ఒక్కడే అన్నాను. "అయితే సరే, చెయ్యమను" అంది.

మన ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా నీ గది తలుపు కొట్టడం అలవాటు కదా. అలాగే కొడుతున్నాను. ఇది నీకూ దేవుడికీ మధ్య ఉండాలి.

ఫోటో వదినకి. మేమిద్దరం మిషను దగ్గర. నా కోటు చేతులు ఎంత చక్కగా కుదిరాయో చూడమను.

నీ చెల్లి


మార్చి 21

బంగారుతల్లీ,

నీ మనవి అందింది. నువ్వు చెయ్యి సాయమే అనుకుంటున్నావు గానీ ప్రభువు నిన్ను ఎక్కడ కూర్చోబెట్టాడో చూడు, సరిగ్గా ఒక విరిగిన ప్రాణం పక్కన! మేమంతా మోకాళ్ళూని నీ దర్జీ ఆవిడ కోసం కన్నీళ్ళతో ప్రార్థించాం. అమ్మ అయితే మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి గొంతెత్తి ఏడ్చింది. ఇన్నాళ్ళకి నువ్వు నిజంగా మిషనరీవి అయ్యావు.

కోటు బాగుంది. మీ వదిన "నడుము దగ్గర ఇంకాస్త పట్టాలి" అంటోంది. ఆవిడ మెచ్చుకోవడం అంటే అదే.

సంతోషంతో,
అన్నయ్య


ఏప్రిల్ 14

అన్నయ్యా,

నీ మీద అరిచినందుకు సిగ్గుగా ఉంది. వెనక్కి తీసుకుంటానని అనుకోకు, సిగ్గుగా ఉందన్నానంతే. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుందంటే నమ్మలేకపోయాను. తర్వాత ఆయింట్‌మెంట్ రాశారా? మేమంతా అంటే నువ్వూ వదినా అమ్మా అనుకుంటున్నాను. అంతవరకే ఉండనీ. మళ్ళీ చెప్తున్నానని విసుక్కోకు, ఆవిడకి మాటిచ్చాను.

కోర్టువాళ్ళు పిల్లని శనివారాలు తల్లి దగ్గరికి పంపమన్నారు! మొదటి శనివారం పిల్ల కొట్టు గుమ్మంలోనే నిలబడింది, పరాయి ఇల్లన్నట్టు. దర్జీ ఆవిడ పరిగెత్తి కౌగిలించుకోలేదు. బొత్తాల డబ్బా నేల మీద బోర్లించి, "వీటిని రంగుల వారీగా విడదియ్యాలి, నాకు కళ్ళు లాగుతున్నాయి" అని పనిలో పడిపోయింది. పిల్ల కాసేపు చూసి, వచ్చి కూర్చుంది. ఎర్రవన్నీ తన జేబులో వేసుకుంది. తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆడపడుచు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు పిల్ల "ఇంకా నీలంవి అవలేదు" అని పేచీ పెట్టింది. ఆ పేచీ విని దర్జీ ఆవిడ లోపలికెళ్ళి కుళాయి తిప్పి మరీ ఏడ్చింది.

జూన్‌లో చివరి విచారణ. గెలుస్తామంటున్నాడు వకీలు.

నీ అడ్డుపుల్ల


ఏప్రిల్ 25

తల్లీ,

శనివారాల సంగతి చదివి స్తోత్రాలు చెప్పుకున్నాం. నీ దర్జీ ఆవిడ ఇప్పుడు మన ఇంటి మనిషే అయిపోయింది. నేను ఎక్కడికి వెళ్ళినా "ఆ అమ్మ ఎలా ఉంది పాస్టరు గారూ" అని ఆవిడ గురించే. తీర్పు రాగానే రాయి, ఇక్కడ పెద్ద స్తుతి కూటం పెట్టుకుందాం. అమ్మకి ఆయింట్‌మెంట్ రాస్తున్నాం.

ఆశీస్సులతో,
అన్నయ్య


మే 6

అన్నయ్యా,

"ఎక్కడికి వెళ్ళినా" అని నువ్వు రాసిన మాటకి అర్థం నీ ఉత్తరం తెరవకముందే తెలిసిపోయింది నాకు.

ఇవాళ శనివారం. కొట్లో లైటు పాడైతే కరెంటు పని చేసే ఒకాయన వచ్చాడు. మన భాషవాడే, ఇక్కడ చాలా కాలంగా ఉంటున్నాడు, ఈ భాష గడగడా మాట్లాడతాడు. నన్ను చూసి నిచ్చెన మీదే ఆగిపోయాడు. "అక్కా, మీరు ఆ పాస్టరు గారి చెల్లెలు కదూ! ఆయన వాక్యం నేను రోజూ వింటాను. అయితే ఈవిడేనా ఆ దర్జీ?" అని దిగి, ఫోను తీశాడు. తెర మీద నువ్వు. నీ వెనక గోడంత పెద్దగా నేనూ ఆవిడా. వదినకి పంపిన ఫోటో.

"మీ గురించేనమ్మా!" అని ఆవిడకి చూపిస్తూ, నువ్వన్నది అన్నట్టు వాళ్ళ భాషలో చెప్పుకుంటూ పోయాడు. నేను ఆపమని అరిచాను. మొహమాటపడుతున్నాననుకున్నాడు. "ఉండండక్కా, అసలైన చోటు ముందుంది" అన్నాడు. కొట్లో బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. పిల్ల బొత్తాల దగ్గర ఉంది. పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన ఆడపడుచు గుమ్మంలో ఉంది.

అసలైన చోట నువ్వేమన్నావో గుర్తుందా? మాత్రలు మింగిందని నేను రాశాను. నువ్వు దాన్ని ఆత్మహత్య దయ్యం అన్నావు. సరే, నీకు జలుబు కూడా దయ్యమే, దాన్నీ గద్దిస్తావు. కానీ ఆ తర్వాత? "తాను మింగగా మిగిలినవి కన్నకూతురి నోట్లో పెట్టబోతుండగా మా చెల్లి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది" అన్నావు. ఏ చెయ్యి అన్నయ్యా? పిల్ల ఆ రోజు ఆ ఊళ్ళోనే లేదని రాశాను. అప్పటికి నేను ఈ దేశంలోనే లేను! నా చేతిని కూడా నీ అబద్ధానికి వాడుకున్నావు.

ఆడపడుచు గుమ్మంలోంచి లోపలికొచ్చింది. పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. పిల్ల అంతా వింది. వెళ్తూ వెళ్తూ తల్లి ముఖంలోకి చూసిన చూపుంది చూడు, అది నీ గోడ మీద వేసుకో, గోడంత చేసి. కరెంటాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఎవరైనా ఆమెన్ అంటారని.

మన తాతకి మిషనరీ దొరగారు బాప్తిస్మం ఇచ్చి ఫోటో తీసుకున్నాడని గర్వంగా చెప్పుకుంటాం కదా. ఆ ఫోటోని దొరగారు తన ఊళ్ళో ఏమని చూపించి ఉంటాడు? తాగుబోతనా? పెళ్ళాన్ని చంపబోయాడనా? తాతకి ఏం తెలుసు పాపం, కొత్త పంచె కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి మనకీ ఒక పరాయి దేశం దొరికింది, మనకీ ఒక ఫోటో దొరికింది. దొరగారు చేసింది మనమూ చెయ్యగలమని నిరూపించావు. బాగా ఎదిగావు.

ఫోన్ చేస్తే ఇదీ మైకెక్కుతుందని రాస్తున్నాను, ఈ ఉత్తరం అందిన రోజే వీడియో తీసెయ్. మిగతాది తర్వాత.

చెల్లి


మే 15

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివాను. తోడబుట్టినవాణ్ణి ఇన్ని మాటలంటావా?

మార్చి ఉత్తరంలో "ప్రార్థన మనవి" అని రాసింది నువ్వు. మనవి అంటే సంఘం ముందు పెట్టేదేనని నీకు తెలియదా? చిన్నప్పట్నుంచి చూడ్డం లేదూ? అమ్మ కడుపులో రాళ్ళ సంగతి సంఘం మొయ్యలేదా? నీ పెళ్ళి చెడినప్పుడు ఎంతమంది నీ కోసం ఉపవాసం ఉన్నారు? అప్పుడు లేని గుట్టు ఇప్పుడెందుకు? "నీకూ దేవుడికీ మధ్య" అన్నది నువ్వు మాటవరసకి అన్నావనుకున్నాను.

బిడ్డ మాట ఆత్మావేశంలో వచ్చింది. నేను రాసుకుని చెప్పలేదు. కానీ ఒకటి విను. ఆ మాటకే హాల్లో కూర్చున్నవాళ్ళు లేచి ముందుకొచ్చారు. ఒకామె తన సంచిలోంచి పురుగులమందు తీసి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఆమె బతికింది. ఇప్పుడు అది అబద్ధమని నేను చెప్తే ఆమె ఏం కావాలి? కావాలంటే ఫోటోలో ముఖం మసక చేయిస్తాను.

నువ్వు అలసిపోయావు. పరాయి దేశం, చలి, ఒంటరితనం. మీ ఆశ్రమం పెద్దావిడకి రాశాను, మా చెల్లి మనసు నిలకడగా లేదు, సెలవిచ్చి పంపించండి అని. కోపం తగ్గాక నువ్వే నాకు థాంక్స్ చెప్తావు. మీ వదిన నాతో మాట్లాడ్డం మానేసింది. సంతోషమేగా నీకు?

అన్నయ్య


మే 29

అన్నయ్యా,

నా పెళ్ళి చెడినప్పుడు ఎంతమంది ఉపవాసం ఉన్నారో నాకు తెలుసు. ఉపవాసం విడిచి టీ తాగుతూ నా మొగుడి గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారో కూడా తెలుసు. నేను నోరు మూసుకున్నాను. నేను మూసుకున్నానని అందరి గుట్టూ విప్పే హక్కు నీకు వచ్చేసిందనుకున్నావా?

ఆ పురుగులమందు ఆవిడ సంగతి చదివి నేను ఏడ్చాను. ఆవిడ బతికినందుకు దేవుడికి వెయ్యి దండాలు. ఆవిడ్ని బతికించాలంటే ఇంకో తల్లిని హంతకురాలిని చెయ్యాలా? "ఒకామె మాత్రలు మింగింది, భయపడింది, తనే ఆసుపత్రికి పరిగెత్తింది, ఇప్పుడు బతకాలని కోర్టు మెట్లెక్కుతోంది" అని పేరు, ముఖం, ఊరు లేకుండా చెప్పుంటే చాలదా? చాలదు. ఎందుకంటే ఆ కథలో మన సంఘం పంపిన మనిషి లేదు, నువ్వు లేవు. తనంతట తాను బతికిన మనిషి నీకు సాక్ష్యానికి పనికిరాదు. నీ మతం మీద నాకున్న పేచీ అంతా ఇదే. నేను విశ్వాసం వదిలేశానని ప్రచారం చెయ్యకు. వదల్లేదు. నీ దగ్గర మాత్రం ఉంచను.

ఇక్కడి సంగతి విను. ఆడపడుచు వకీలు నీ వీడియో కోర్టులో పెట్టాడు. శనివారాలు ఆపేశారు. డాక్టరు వచ్చి మాత్రల సంగతి ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. కానీ పిల్ల నోట్లో పెట్టబోయిందన్న మాట? అది ఎక్కడనుంచి వచ్చిందని జడ్జి అడిగితే వేలు నీ వైపే వెళ్తుంది. లేదని చెప్పడానికి నేను నిలబడదామనుకున్నాను. ఆశ్రమానికి నువ్వు రాసిన సంగతి దాచకుండా వకీలుకి చెప్పాను, ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీ అన్నగారే మీ మనసు బాగాలేదని రాసి ఇచ్చారట కదా. అవతలివాళ్ళు మిమ్మల్ని అక్కడే కూర్చోబెడతారు" అన్నాడు. చూశావా? ఒక అబద్ధం చెప్పి, దాన్ని కాదనగల ఒక్క నోరూ ముందే నొక్కేశావు. కావాలని చేశావని నేననను. నీకు కావాలని చెయ్యాల్సిన అవసరం కూడా లేదు, అలవాటైపోయింది.

దర్జీ ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వు 'ఒక్కడే' అన్నావు. నువ్వు అబద్ధం చెప్పలేదని తెలుసు. కానీ మీ దగ్గర ప్రార్థన అంటే ఇదని ముందే చెప్పాల్సింది" అంది. అంతే, మిషను తొక్కడం మొదలుపెట్టింది. తర్వాత గది ఖాళీ చెయ్యమంది. ఇప్పుడు ఆశ్రమంలో దుప్పట్లు పెట్టే గదిలో ఉంటున్నాను. పెద్దావిడ నీ మాట వినలేదు. "నిలకడ లేనివాళ్ళు ఇన్ని మంచాలు ఇంత శుభ్రంగా సర్దలేరు" అని నన్ను పనిలో ఉంచింది.

నేను ఇంటికి రాను. జూన్ 20న విచారణ. అప్పటికి నువ్వు చెయ్యాల్సినవి కింద రాస్తున్నాను. వీటి తర్వాత ఇంకే మాటా నీ కంట పడకూడదని సంతకం ఇక్కడే పెట్టేస్తున్నాను.

చెల్లి

1. వీడియో తీసెయ్. మసక చెయ్యడం కాదు, తీసెయ్. ముక్కలు కోసి పంచుకున్నవాళ్ళని కూడా తీసెయ్యమని నువ్వే అడుగు.

2. ఏ మైకులో చెప్పావో ఆ మైకులోనే, ఆదివారం, హాలు నిండుగా ఉన్నప్పుడు, "బిడ్డ మాట నేను కల్పించాను, మా చెల్లి అలా రాయలేదు" అని చెప్పు. ఆత్మావేశం అనే మాట వాడకు. అది కూడా వీడియో తీసి పెట్టు.

3. అదే మాట నోటరీ ముందు రాసి, సంతకం పెట్టి, విచారణకి ముందే ఆవిడ వకీలుకి అందేలా పంపు.

4. నా మనసు గురించి రాసింది తప్పని ఆశ్రమం పెద్దావిడకి రాయి.

5. దర్జీ ఆవిడకి ఫోన్ చేసి క్షమించమని అడుగు. నన్ను మధ్యలో పెట్టకు. భాష చెప్పడానికి కరెంటాయన ఒప్పుకున్నాడు. ఆవిడ ఏమంటే అది చివరిదాకా విను. వాక్యం ఎత్తకు.

6. విచారణ రోజు అక్కడ ప్రార్థన కూటం పెట్టకు.